ఇంగ్లీషులో తప్పులు తగ్గడానికి డిక్షనరీ ఉపయోగపడుతుందా, లేక అది అర్థాలు చూసుకోవడానికేనా?

ఉపయోగపడుతుంది. అయితే తెలియని మాటలకన్నా, బాగా తెలుసనుకున్న మాటల దగ్గరే ఎక్కువ.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఉత్తరానికి చిత్తుప్రతి రాశాను. అందులో ‘డిస్కస్ అబౌట్’ అన్నాను. మా పై అధికారి ‘అబౌట్’ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, ఒక్క మాటైనా చెప్పకుండా కాగితం వెనక్కి పంపారు. డిస్కస్ అంటే చర్చించడమని బడి రోజుల నుంచీ తెలుసు, దాని కోసం డిక్షనరీ తెరవాలని ఎన్నడూ తోచలేదు. ఇంట్లో ఉన్న ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు తీస్తే ‘చర్చించు’ అని ఉంది, అంతే. తప్పు ఎక్కడుందో దాన్నిబట్టి తెలియదు. ‘దాని గురించి చర్చించాం’ అంటాం కదా, ఆ ‘గురించి’ని ఇంగ్లీషులోకి మోసుకెళ్లాను.

తరవాత ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ కొన్నాను. జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పిన హార్న్‌బీ, మరో ఇద్దరితో కలిసి పరాయి భాషవాళ్ల కోసమే తయారుచేసిన నిఘంటువు అది. మొదట 1942లో టోక్యోలో వెలువడింది. మాటకు అర్థం చెప్పి ఊరుకోదు, పక్కన ఏ మాట రావాలో కూడా చూపిస్తుంది. డిస్కస్ తరవాత నేరుగా కర్మే వస్తుంది. ‘సజెస్ట్ మీ’ అని మనం రోజూ రాస్తాం, అది తప్పు. సజెస్ట్ చేసే విషయం మొదట రావాలి, మనిషి ‘టు’తో ఆ తరవాత రావాలి.

నామవాచకం పక్కన చదరపు బ్రాకెట్లలో ‘యు’ అనే అక్షరం కనిపిస్తే అది లెక్కపెట్టకూడని మాట, బహువచనం ఉండదు. ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్, లగేజ్, అడ్వైస్ అలాంటివే. మనవాళ్లు సలహాలు లెక్కలేనన్ని ఇస్తారు కాబట్టి అడ్వైస్ నాకు సులువుగానే గుర్తుంది.

డిక్షనరీలో ఉందంటే ఎక్కడైనా చెల్లుతుందని కాదు. అనుకున్న సమయం కన్నా ముందుకు జరపడాన్ని మనం ‘ప్రీపోన్’ అంటాం. ఆ మాట అందులో ఉంది, కానీ పక్కన ‘ఇండియన్ ఇంగ్లిష్’ అనే గుర్తు ఉంటుంది. మన ఆఫీసులో హాయిగా వాడుకోవచ్చు, బయటి దేశాలవాళ్లకు రాసేటప్పుడు మార్చుకోవడం మేలు.

పదవీ విరమణకు ఇంకా రెండేళ్లుంది, ఇప్పటికీ తెరుస్తూనే ఉన్నాను. నిన్న ‘రిక్వెస్ట్’ చూశాను. నామవాచకంగా వాడితే వెనక ‘ఫర్’ కావాలి, క్రియగా వాడితే అక్కర్లేదు. ఇన్నేళ్లూ రెండు చోట్లా పెడుతూ వచ్చాను.