జీఎస్టీ కట్టడానికి యాప్‌లో అప్పా? వద్దమ్మా

ప్రశ్న: మాది గుంటూరు. మూడేళ్లుగా మంగళగిరి చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. నేతగాళ్ల దగ్గరే నేరుగా కొంటాను. నెలకు 400 దాకా పోతాయి, ఒక్కోటి సగటున 1,050 రూపాయలు. మూడు నెలలకోసారి జీఎస్టీ రిటర్న్ వేస్తాను. ఈసారి 27,600 కట్టాలని ఆడిటర్ గారు చెప్పారు. 22వ తేదీ దగ్గర పడింది, చేతిలో డబ్బు లేదు. సంక్రాంతికి పంపిన సరుకు చాలా వెనక్కి వచ్చింది. పోయినసారి యాప్‌లో 40 వేలు తీసుకుని కట్టాను, ఇంకా రెండు వాయిదాలున్నాయి. ఇప్పుడు 50 వేలు ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా? లేక జీఎస్టీ రద్దు చేయించుకుంటే ఈ గొడవ పోతుందా?

జవాబు: తీసుకోవద్దు. కట్టాల్సింది 27,600 అయితే 50 వేలు ఎందుకమ్మా? ఇస్తామన్నారని తీసుకునే అప్పు ఇది. పోయినసారి లోన్ కాగితం మీరు పంపారు కదా, దాన్ని మళ్లీ ఒకసారి చూడండి. 40 వేలకు మీ చేతికి వచ్చింది 38,584. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ ముందే కోసేశారు. ఆపైన మూడు రూపాయల వడ్డీ. పన్ను కట్టడానికి అప్పు, ఆ అప్పు ఫీజు మీద మళ్లీ పన్ను! ఆన్‌లైన్‌లో అమ్ముకునేవాళ్లు నా దగ్గరికి వస్తే పదిమందిలో ఆరేడుగురిది ఇదే కథ. అందుకే మీకు కొంచెం వివరంగా రాస్తున్నాను.

మీ చీర ఒక్కటి తీసుకుందాం. 1,050లో చీర విలువ 1,000, పన్ను 50. ఆ యాభై కొన్నావిడ కట్టినది, మీది కాదు. ఆన్‌లైన్ కంపెనీ కమీషన్, కొరియర్ కలిపి 150, దాని మీద 18 శాతం జీఎస్టీ 27 పట్టుకుంటుంది. టీసీఎస్ (కంపెనీ ముందే కోసి మీ పేరున ప్రభుత్వానికి కట్టే జీఎస్టీ) కింద 5 రూపాయలు, ఆదాయపు పన్ను టీడీఎస్ కింద ఇంకో రూపాయి పోతాయి. మిగిలిన 867 మీ ఖాతాలో పడుతుంది. చీర పన్ను కూడా అందులోనే కలిసి ఉంటుంది, దాని మీద పేరు రాసి ఉండదు. మీరు ఆ 867 మొత్తాన్నీ అమ్మకం డబ్బు అనుకుని నేతగాళ్లకీ, ఇంటికీ వాడేశారు. తప్పు అక్కడ జరిగింది. పన్ను భారం అంటున్నారు గానీ, ఆ భారం మీ చేతుల మీదుగానే ఖర్చైపోయింది.

రెండో పొరపాటు. మూడు నెలలకోసారి అన్నది రిటర్న్‌కే. పన్ను మాత్రం మొదటి రెండు నెలలదీ ఏ నెలకానెల, మరుసటి నెల 25లోపు చలానా కట్టాలి. మీరు మూడు నెలలదీ కుప్పపోశారు కాబట్టే 27,600 అంత పెద్దదిగా కనిపిస్తోంది. నెలకైతే 9,200.

ఇప్పుడు డబ్బు ఎక్కడుందో చూద్దాం. ఆ టీసీఎస్ 5 రూపాయలు మీవే. 2018 అక్టోబరులో 1 శాతంతో మొదలైన ఈ కోత 2024 జులై 10 నుంచి అర శాతం అయింది. అది దానంతట అది మీ లెక్కలో చేరదు. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ అయ్యి, రిటర్న్స్ కింద 'టీడీఎస్ అండ్ టీసీఎస్ క్రెడిట్ రిసీవ్డ్' అన్న పేజీ తెరిచి, ఒక్కో నెలకీ యాక్సెప్ట్ కొట్టి ఫైల్ చేస్తేనే మీ క్యాష్ లెడ్జర్‌లోకి, అంటే పన్ను కట్టడానికి పోర్టల్‌లో ఉండే మీ ఖాతాలోకి వస్తుంది. మీరు ఆ పేజీ ఎప్పుడూ తెరవలేదని రాశారు. నెలకు సుమారు 2,000 చొప్పున, వాపసులు తీసేసినా, ఆరు నెలలకే 10 వేల పైన ఉంటుంది. మీ ఆడిటర్ గారిని ఈరోజే అడగండి. (ఆ ఒక్క రూపాయి టీడీఎస్ ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటవుతుంది, దానికి ఇప్పుడు తొందర లేదు.)

మిగిలే 17 వేలకు అప్పు అక్కర్లేదు. వచ్చే వారం పేమెంట్ పడగానే ముందు ఇది కట్టండి. కొత్త సరుకు ఒక వారం తగ్గించి కొనండి. నేతగాళ్ల బాకీ మాత్రం ఆపకండి, మగ్గం మీద బతికేవాళ్లకు వారం రోజులంటే చాలా. ఒకవేళ నాలుగు రోజులు ఆలస్యమైనా, ప్రభుత్వం వేసే వడ్డీ ఏడాదికి 18 శాతం, మన లెక్కలో రూపాయిన్నర వడ్డీ. ఆలస్య రుసుము రోజుకు 50 రూపాయలు, మీ టర్నోవర్‌కు ఒక రిటర్న్‌కు 2,000 దాటదు. మూడు రూపాయల వడ్డీ యాప్ కంటే ఇదే నయం. అలాగని వాయిదా వేస్తూ పోవద్దు. వరసగా రెండు త్రైమాసికాలు రిటర్న్ వేయకపోతే రిజిస్ట్రేషన్ రద్దు చేయవచ్చు.

మీరే రద్దు చేయించుకునే మాట మరిచిపోండి. 2023 అక్టోబరు నుంచి చిన్న అమ్మకందారులకు రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మే వెసులుబాటు ఉంది గానీ, అది సొంత రాష్ట్రంలోనే అమ్మేవాళ్లకు, అదీ 40 లక్షల లోపు. మీది ఏడాదికి 48 లక్షలు. పైగా మీ ఆర్డర్లలో సగం హైదరాబాద్‌వే. మనకు పక్కింటిలా అనిపించినా, జీఎస్టీకి అది వేరే రాష్ట్రం.

ఇక నేను అందరికీ చెప్పి చెప్పి అలసిపోయిన మాట. మీకు అత్యవసర నిధి లేదు. విజయవాడ సత్యనారాయణపురంలో డ్రెస్ మెటీరియల్ అమ్మే ఒక జంట ఉంది. ఏదో పత్రం సరిపోలేదని వాళ్లకు ఐదు వారాలు పేమెంట్లు ఆగిపోయాయి. ఆ ఐదు వారాల్లోనే ఇంటద్దె, పిల్లాడి స్కూల్ ఫీజు, జీఎస్టీ మూడూ వచ్చి పడ్డాయి. విడిగా దాచుకున్న 90 వేలు ఉన్నాయి కాబట్టి ఒక్క రూపాయి అప్పు చేయలేదు. అదే పరిస్థితి మీకొస్తే ఏం చేస్తారు? ఇంకో యాప్ తెరుస్తారు. నాకు టెన్షన్ అక్కడే.

కాబట్టి ఇంకో బ్యాంకులో ఖాతా తెరవండి. దానికి ఏటీఎం కార్డు తీసుకోవద్దు, ఫోన్‌లో యూపీఐకి కలపొద్దు. పేమెంట్ పడిన రోజే చీరకు 50 చొప్పున అందులోకి పంపేయండి. కమీషన్, కొరియర్ మీద మీరు ముందే కట్టిన జీఎస్టీ 27, టీసీఎస్ 5 మీ పన్నులోంచి తగ్గుతాయి, అవి పోగా నిజంగా మీరు కట్టాల్సింది 18 రూపాయలే. మిగిలే 32 మీ నిధి. నెలకు 400 చీరలంటే 12,800, ఆరు నెలలకు 76,800. మూడు నెలల ఇంటి ఖర్చు, ఒక నెల నేతగాళ్ల డబ్బు జమయ్యేదాకా దాన్ని కదిలించకండి.

పెళ్లిళ్ల సీజన్ సరుకుకి డబ్బు కావాలంటే బ్యాంకులో బంగారం లోన్ గానీ ముద్ర లోన్ గానీ అడగండి, పన్ను కోసం మాత్రం వద్దు. ఇంట్లో అందరికీ హెల్త్ పాలసీ లేకపోతే తీసుకోండి, 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ లేదు. పాత లోన్ రెండు వాయిదాలు తీరగానే నో డ్యూస్ కాగితం తీసుకుని, ఆ యాప్‌ను ఫోన్‌లోంచి తీసేయండి.