వినికిడి యంత్రం పెట్టుకుంటే ఫ్యాన్ చప్పుడు అంత గట్టిగా ఎందుకు వినిపిస్తుంది?

చిన్న శబ్దాలను ఎక్కువగా, పెద్ద శబ్దాలను తక్కువగా పెంచే ‘కంప్రెషన్’ సెట్టింగే చాలావరకు దీనికి కారణం. లోపలి చెవిలో శబ్దాన్ని పసిగట్టే రోమకణాలు దెబ్బతింటే చిన్న శబ్దాలు వినపడవు, పెద్ద శబ్దాలను భరించే హద్దు మాత్రం దాదాపు పాతచోటే ఉంటుంది. ఆ రెంటి మధ్య మిగిలిన ఇరుకు జాగాలోనే అన్ని శబ్దాలనూ సర్దాలి. కంప్రెషన్ 2:1 అయితే, బయటి శబ్దం 10 డెసిబెల్స్ పెరిగినప్పుడు చెవికి చేరేది 5 మాత్రమే పెరుగుతుంది.

శబ్దం మారినప్పుడు యంత్రం ఆ పెంపును ఎంత వేగంగా సర్దుతుందన్నదీ ముఖ్యమే. వేగం ఎక్కువైతే ‘స’, ‘ఫ’ లాంటి మెత్తని అక్షరాలు అందుతాయి గానీ, ఎదుటివాళ్లు మాట ఆపగానే ఫ్యాన్ హోరు పైకి లేస్తుంది. నెమ్మదైతే వినికిడి సహజంగా అనిపిస్తుంది. అయితే తలుపు ధడేల్మన్న వెంటనే ఎవరైనా మెల్లగా మాట్లాడితే ఆ మాట జారిపోవచ్చు. ఏది నచ్చుతుందన్నది మనిషిని బట్టి ఉంటుంది.

కంప్రెషన్ అంటే ట్రాఫిక్ మోతను తగ్గించేదని చాలామంది అనుకుంటారు. అది నాయిస్ రిడక్షన్ చేసే పని, రెండూ వేరు. హోరు విసిగిస్తుంటే వాల్యూమ్ తగ్గించడం కన్నా (మాటలూ తగ్గిపోతాయి మరి) ఆడియాలజిస్టుకు, అంటే వినికిడి నిపుణులకు చెప్పి సెట్టింగ్ మార్పించుకోవడం మేలు.