తెలుగు మీడియం నుంచి నర్సింగ్‌లో చేరాను, మెడికల్ టెర్మినాలజీ, నోట్స్ రాయడం ఎలా నేర్చుకోవాలి?

ఇదే ప్రశ్న ఫస్టియర్లో నేను ఒక సీనియర్ అక్కని అడిగితే పదాల జిరాక్స్ కట్ట ఒకటి చేతిలో పెట్టింది. మొత్తం బట్టీ పట్టాను, పరీక్ష పాసయ్యాను, వార్డులో మాత్రం అదే నన్ను ముంచింది.

సెకండియర్లో మెడికల్ వార్డు పోస్టింగు. మాది బాపట్ల వైపు, చదివింది తెలంగాణలో. దగ్గు, జ్వరంతో ఒక తాత అడ్మిట్ అయ్యాడు, డెబ్బై పైనే ఉంటాయి. సాయంత్రం డ్యూటీకెళ్లి, పొద్దుటి షిఫ్టు వాళ్లు రాసింది చూసి నేనూ "కంఫర్టబుల్, నో ఫ్రెష్ కంప్లైంట్స్, యూరిన్ పాస్డ్" అని ఎక్కించేశాను. ఏడింటికి వాళ్ల ముసలామె వచ్చి నా చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది. తాత కూర్చోలేడు, పడుకోలేడు. "పొద్దటి సంది ఒంటేలు (మూత్రం) వస్తలేదు బిడ్డా, బొడ్డు కింద బండ పెట్టినట్టున్నది" అన్నాడు.

పరిగెత్తి డ్యూటీ డాక్టర్‌కి ఫోన్ చేసి "సర్, అనూరియా" అన్నాను, జిరాక్స్‌లో మూత్రం రాకపోతే అలాగే అనాలని ఉంది మరి. ఆయన కంగారుగా క్రియాటినిన్ ఎంత, ఫ్లూయిడ్స్ ఎంత ఎక్కాయి అని కిడ్నీ ప్రశ్నలు మొదలుపెట్టారు. పక్కనున్న సిస్టరు "ముందు పొట్ట మీద చెయ్యేసి చూశావా?" అంది. వెళ్లి చూస్తే బొడ్డు కింద గట్టిగా, గుండ్రంగా ఉబ్బి ఉంది, నొక్కగానే తాత అరిచాడు. అది రిటెన్షన్. కిడ్నీ మూత్రం తయారుచేస్తూనే ఉంది, బ్లాడర్‌లోంచి బయటికి రావట్లేదు. కాథెటర్ (మూత్రం తీసే గొట్టం) వేస్తే బ్యాగ్‌లోకి 900 ఎంఎల్ దిగింది, తాత కళ్లు మూసుకుని నా చెయ్యి వదల్లేదు. ప్రోస్టేట్ (మగవాళ్లకి బ్లాడర్ కింద ఉండే గ్రంథి) పెరిగి ఉందని తర్వాత తేలింది, దానికి తోడు షాపులో కొన్న జలుబు మాత్రలు మూడు రోజులుగా మింగుతున్నాడట, క్లోర్‌ఫెనిరమిన్ ఉన్నవి. అలాంటివి మూత్రం బిగబట్టేస్తాయి.

అందుకే చెప్తున్నా, పేషెంటు మాట, మీ చేతికి తగిలింది, కంటికి కనబడింది ముందు రాయండి, ఇంగ్లీషు పేరు ఆఖరికి. పదాలు కూడా విడిగా కాకుండా తోక పట్టుకుని నేర్చుకోండి. "యూరియా" (-uria, మూత్రం గురించి చెప్పే తోక, ఎరువు కాదు) అనే తోక ఒక్కటి పట్టుకుంటే, ఒలిగూరియా అంటే పెద్దవాళ్లకి రోజు మొత్తానికి 400 ఎంఎల్ లోపు, అనూరియా 100 లోపు, డిస్యూరియా అంటే పోసేటప్పుడు మంట, నొప్పి, హెమచూరియా అంటే మూత్రంలో రక్తం, నాక్టూరియా అంటే రాత్రుళ్లు మూత్రానికి లేవడం. ఎంత, ఎప్పుడు, ఎలా అని మీరు అడిగితేనే వీటిలో ఏదో తేలుతుంది. ఇంకో చిన్న పుస్తకంలో పేషెంట్ల మాటలు రాసుకోండి. మా ఊళ్లో ఆయాసం అంటాం, అక్కడ దమ్ము అన్నారు, మొదటి వారం నాకు అర్థం కాలేదు. ఈ విషయంలో తెలుగు మీడియం వాళ్లే ముందుంటారు, ఎవరు ఎన్ని చెప్పినా నేను ఒప్పుకోను.

పొట్టి అక్షరాల పిచ్చి ఇంకొకటి. ఓడీ అంటే రోజుకోసారి, అదే కంటి వార్డులో కుడికన్ను! ఇన్సులిన్ 10 పక్కన యూనిట్‌కి ఒట్టి "యూ" (U) అక్షరం గీకితే అది సున్నాలా కనబడి 100 అయిపోతుంది. అమెరికాలో ఆసుపత్రులకి గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ 2004లోనే ఆ అక్షరాన్ని వాడకూడని వాటి లిస్టులో పెట్టింది, మన దగ్గర ఇప్పటికీ గీకుతూనే ఉన్నారు. "యూనిట్లు" అని పూర్తిగా రాయడానికి ఎంతసేపు పడుతుంది చెప్పండి. రికార్డు బుక్కుల్లో బొమ్మలకి రంగులు వేయించడానికి రాత్రుళ్లు మేల్కోబెడతారు గానీ ఒక షిఫ్టు నోట్ తిన్నగా రాయడం ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు, నా బాధ అదే.

ఆ రాత్రి సిస్టరు నా పేజీలో "పాస్డ్" మీద ఒక్క గీత కొట్టించి సంతకం పెట్టించింది, వైట్‌నర్ ముట్టుకోనివ్వలేదు. కింద "రాత్రి 7:20, కాథెటర్ ద్వారా 900 ఎంఎల్, ముదురు పసుపు" అని నా చేతే రాయించింది.