ల్యాప్‌టాప్‌లో నడిచిన కంటెయినర్లు క్లౌడ్‌లో ఎందుకు ఆగాయి?

ప్రశ్న: ఆన్‌లైన్ కిరాణా దుకాణం ప్రాజెక్టు కోసం లాగిన్, సరుకుల జాబితా, ఆర్డర్లు, చెల్లింపులు అని నాలుగు మైక్రోసర్వీసులను (విడివిడిగా నడిచే చిన్న ప్రోగ్రామ్‌లను) నోడ్ జేఎస్‌లో రాశాను. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్. ఒక్కోదాన్నీ కంటెయినర్‌లో (ప్రోగ్రామ్‌నూ దానికి కావలసినవాటినీ కలిపిన పొట్లంలో) పెట్టి, కంటెయినర్లన్నిటినీ కలిపి నడిపే డాకర్ కంపోజ్‌తో నడిపితే ల్యాప్‌టాప్‌లో అన్నీ సవ్యంగా నడుస్తున్నాయి. కంటెయినర్లను ఇంటర్నెట్‌లో నడిపిపెట్టే గూగుల్ క్లౌడ్ రన్‌లో పెడితే రెండు సర్వీసులు మొదలే కావడం లేదు, మొదలైన రెండూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం లేదు. లోపం ఎక్కడుంది?
- ఒక ఇంజినీరింగ్ విద్యార్థి, కాకినాడ

జవాబు: మీరు చెప్పిన రెండు ఇబ్బందులకూ కారణాలు వేరు. క్లౌడ్ రన్ ప్రతి కంటెయినర్‌కూ ఏ పోర్టులో (అభ్యర్థనలు వచ్చే ద్వారం సంఖ్య) వినాలో 'పోర్ట్' అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ (బయటి నుంచి ప్రోగ్రామ్‌కు అందించే విలువ) ద్వారా చెబుతుంది. మనం మార్చకపోతే అది 8080. ప్రోగ్రామ్‌లో 3000 అని నేరుగా రాసేసినా, వినే చిరునామాగా 0.0.0.0కు (అన్ని వైపుల నుంచీ) బదులు లోకల్‌హోస్ట్ (ఆ కంటెయినర్ లోపలి నుంచి మాత్రమే) అని ఇచ్చినా, బయటి అభ్యర్థన లోపలికి చేరదు. కొంతసేపు చూసి, కంటెయినర్ మొదలుకాలేదని క్లౌడ్ రన్ తేల్చేస్తుంది. ఇమేజ్‌ను (కంటెయినర్‌కు మూలమైన ఫైలును) ఎం1 వంటి చిప్ ఉన్న మ్యాక్‌లో తయారుచేసి ఉంటే, బిల్డ్ చేసేటప్పుడు ప్లాట్‌ఫామ్‌ను లినక్స్ ఏఎండీ64గా (క్లౌడ్ రన్ కోరే రకంగా) పేర్కొన్నారో లేదో కూడా చూడండి.

ఇక రెండోది. కంపోజ్ తనంతట తానే ఒక అంతర్గత నెట్‌వర్క్‌ను ఏర్పరచి, సర్వీసు పేరునే చిరునామాగా చెల్లనిస్తుంది. క్లౌడ్ రన్‌లో ఆ సౌకర్యం దానంతటది రాదు. ఒక్కో సర్వీసుకూ సొంత హెచ్‌టీటీపీఎస్ చిరునామా ఉంటుంది. కాబట్టి చెల్లింపుల సర్వీసును ముందు ఎక్కించి, దానికి వచ్చిన చిరునామాను ఆర్డర్ల సర్వీసుకు ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా అందించండి. పని జరిగింది కదా అని చెల్లింపుల సర్వీసును అందరికీ తెరిచి ఉంచవద్దు: ఆర్డర్ల సర్వీస్ అకౌంట్‌కు (క్లౌడ్‌లో ఆ సర్వీసుకు ఉండే గుర్తింపుకు) మాత్రమే 'ఇన్వోకర్' (పిలిచే) అనుమతి ఇచ్చి, ప్రతి పిలుపుతోనూ ఐడెంటిటీ టోకెన్ (తానెవరో రుజువు చేసే సంకేతం) పంపేలా కోడ్ రాయండి.

మీరు అడగకపోయినా, తర్వాత తప్పక ఎదురయ్యేది డేటాబేస్ సమస్య. క్లౌడ్ రన్ కంటెయినర్‌లో రాసిన ఫైళ్లు, విడిగా స్టోరేజ్ జతచేస్తే తప్ప, మెమరీలోనే ఉండి ఇన్‌స్టాన్స్ (నడుస్తున్న ఒక్కో కంటెయినర్ ప్రతి) ఆగగానే పోతాయి కనుక, పోస్ట్‌గ్రెస్‌ను క్లౌడ్ ఎస్‌క్యూఎల్ వంటి సేవలో, సర్వీసులున్న రీజియన్‌లోనే, అంటే అవి ముంబయిలో ఉంటే ముంబయిలోనే పెట్టాలి. అక్కడా ఒక లెక్క ఉంది. రద్దీ పెరిగితే క్లౌడ్ రన్ ఇన్‌స్టాన్సులను పెంచుకుంటూ పోతుంది; నాలుగు సర్వీసులకు అయిదేసి ఇన్‌స్టాన్సులు, ఒక్కోదానికి డేటాబేస్‌తో 10 కనెక్షన్ల పూల్ (తెరిచి ఉంచుకునే కనెక్షన్ల గుంపు) అనుకుంటే మొత్తం 200 అవుతాయి. పోస్ట్‌గ్రెస్ మామూలుగా అనుమతించేది 100. గరిష్ఠ ఇన్‌స్టాన్సుల సంఖ్యకు హద్దు పెట్టి, పూల్‌ను రెండు మూడుకు తగ్గించండి. ఈ హద్దు బిల్లు అదుపుకూ పనికొస్తుంది. డేటాబేస్ పాస్‌వర్డ్‌ను ఇమేజ్‌లో ఉంచకుండా రహస్యాలను దాచే సీక్రెట్ మేనేజర్‌కు అప్పగించండి.

నిజానికి ఒక్కరే రాసి, ఒక్కరే చూసుకునే ప్రాజెక్టుకు నాలుగు సర్వీసులు బరువేనని నా అభిప్రాయం. నేర్చుకోవడం కోసమైతే సరే. దుకాణాన్ని నిజంగా నడపాలనుకుంటే, చెల్లింపులను మాత్రం విడిగా ఉంచి, మిగిలిన మూడింటినీ ఒకే కంటెయినర్‌లో కలిపివేయండి.