తిరుపతిలో అడవి థైమ్ బతుకుతుందా?

ప్రశ్న: బెంగళూరు నుండి తెచ్చిన అడవి థైమ్ మొక్కను బండల సందుల్లో పాకించాలన్న ఆశతో పెరట్లో జామచెట్టు పక్కన నాటి, రెండు పూటలా నీళ్లు పోశాను. కార్తీకమాసపు వానలు పట్టుకున్నాక నడిమి కొమ్మలు నల్లబడి, మొదలు మెత్తబడి చచ్చిపోయింది. మన ఎండలకు అది ఆగదని ఇరుగుపొరుగు వారు అంటున్నారు. మళ్లీ నాటవచ్చునా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: నాటవచ్చును. మొదలు మెత్తబడిందంటే అది ఎండదెబ్బ కాదు, వేరుకుళ్లు. తులసి కుటుంబానికే చెందిన ఈ మొక్క యూరప్‌లో ఇసుక, గులకరాళ్లు కలిసిన నిస్సారమైన నేలల్లో, నీడ లేని చోట, జానెడు ఎత్తు కూడా రాకుండా నేలను కరచుకొని పాకుతుంది. అటువంటి దానికి చెట్టునీడ, రెండు పూటల నీళ్లు, ఆపై ఈశాన్య రుతుపవనాల ముసురు తోడైతే తట్టుకోవడం కష్టం.

ఈసారి వానలు వెనుకబట్టాక, డిసెంబరు నడుమ, వెడల్పాటి మట్టికుండీలో మొదలుపెట్టండి. ఎర్రమట్టి, ముతక ఇసుక సమంగా తీసుకొని, అందులో సగం వంతు చిన్న గులకరాళ్లు కలపండి. పశువుల ఎరువు గుప్పెడు చాలు. ఎక్కువైతే కొమ్మలు మెత్తగా సాగిపోయి, ఆకులో ఘాటు తగ్గుతుంది. వేలు గుచ్చి చూసినప్పుడు మొదటి కణుపు దాకా మట్టి పొడిగా తగిలితేనే, ఆకులు తడవకుండా మొక్క మొదలు దగ్గర నీళ్లు పోయండి. కుండీ కింద పళ్లెం పెట్టవద్దు. విత్తనాలు చాలా సన్నవి కాబట్టి పైన మట్టి కప్పకుండా అద్ది వదిలేయాలి. అంతకంటే, పూత లేని కొనలను నాలుగు వేళ్ల పొడవున తుంచి, కింది ఆకులు దూసి, తడి ఇసుకలో గుచ్చడం సులువు.

మీ ఇరుగుపొరుగు వారి మాటలోనూ కొంత నిజమున్నది. ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటిన రోజున సిమెంటు మిద్దెపై కుండీలోని మట్టే కాగిపోతుంది కనుక, ఉదయపు ఎండ మాత్రమే పడే తూర్పు వసారాలోకి మార్చండి. వానాకాలంలో చూరు కిందికి జరపండి. ఇంత చేసినా బండల నడుమ చాప పరచినట్లు అల్లుకుంటుందని నేను హామీ ఇవ్వలేను. ఏటా నాలుగైదు కొమ్మలు వేరే కుండీలో గుచ్చి ఉంచుకోవడం మేలు.

ఘాటైన వాసన కోసమే అయితే వామాకు నాటుకోండి. థైమ్‌కూ, వాముకూ ఆ ఘాటునిచ్చే థైమాల్ అందులోనూ ఉంటుంది, కాస్త నీడనూ ఓర్చుకుంటుంది, పైగా బజ్జీలకు పనికివచ్చేది అదే.