చెక్క బాణం ముందు బరువు పెంచాలంటే...

ప్రశ్న: మిషిగన్‌లో ఉంటాను. ఈ అక్టోబర్‌లో 45 పౌండ్ల బలంతో లాగే రికర్వ్ విల్లుతో (కొసలు ముందుకు వంగినది) జింక వేటకు వెళ్లాలని ప్లాన్. నా బాణాలు పోర్ట్ ఆర్ఫర్డ్ సెడార్ కర్రవి, 28 అంగుళాలు, స్పైన్ (కర్ర గట్టిదనం, పౌండ్లలో) 45-50. ములికి 125 గ్రెయిన్లు, బాణం మొత్తం 440. ముందు బరువు పెంచితే లోతుగా దిగుతుందని తోటి విలుకాళ్లు అంటున్నారు. కర్ర కొసన రంధ్రం చేసి సీసం పెట్టొచ్చా?
- ఒక పాఠకుడు, డెట్రాయిట్ దగ్గర

జవాబు: సీసం ఆలోచన మానేయండి. చెక్క బాణం ఎక్కువగా విరిగేది ములికి వెనకాలే, అక్కడే డ్రిల్లింగ్ చేస్తే కర్రను మనమే బలహీనం చేసినట్టు. పైగా రంధ్రం వెంట్రుకవాసి పక్కకు పోయినా బాణం ఊగుతూ వెళ్తుంది.

తేలికైన దారి, ములికినే బరువైనది వేసుకోవడం. చెక్క బాణాలకు అతికించే ములికులు 160, 190 గ్రెయిన్లలో కూడా దొరుకుతాయి (గ్రాముకు 15 గ్రెయిన్ల పైచిలుకు, అంటే 190 అంటే 12 గ్రాములు, అంతే). మీ బాణం ఇప్పుడు నాక్ (నారికి తగిలించే వెనక కొస) నుంచి 17 అంగుళాల దగ్గర తూగుతుందనుకుందాం, 190 వేస్తే ఆ చోటు ఇంచుమించు ఒకటిన్నర అంగుళం ముందుకు జరుగుతుంది, అంటే ఎఫ్‌ఓసీ (తూగే చోటు బాణం మధ్య నుంచి ఎంత ముందుందో చెప్పే శాతం) 11 శాతం నుంచి 16 దాకా పోతుంది. మొత్తం బరువు 505 అవుతుంది. జింకకు ఇది చాలు. బాణాలు జంతువుల్లో ఎంత లోతు దిగుతాయో పరీక్షించిన డాక్టర్ ఎడ్ యాష్బీ చెప్పిన 650 గ్రెయిన్ల లెక్క మీవాళ్లు ఎత్తే ఉంటారు, కానీ అది పెద్ద ఎముకను దాటే సంగతి, 45 పౌండ్ల విల్లుతో అంత బరువు వేస్తే బాణం త్వరగా కిందికి దిగిపోయి దూరం అంచనా వేయడమే పెద్ద టెన్షన్ అవుతుంది.

అసలు చిక్కు స్పైన్‌తో. ముందు బరువు పెరిగేకొద్దీ నారి తోసినప్పుడు కర్ర ఎక్కువ వంగుతుంది, అంటే ఉన్న కర్రే మెత్తబడినట్టు ప్రవర్తిస్తుంది. విలుకాళ్ల మోటు లెక్క ప్రకారం 125 మీద ప్రతి 25 గ్రెయిన్లకు స్పైన్ 5 పౌండ్లు ఎక్కువున్న కర్ర కావాలి. మీరు పెంచేది 65 గ్రెయిన్లు, అంటే సుమారు 13 పౌండ్లు. అందుకని ఉన్న బాణాలకే 190 తగిలించి ఊరుకోకండి, 55-60, 60-65 స్పైన్ కర్రలు తలా రెండు మూడు తెప్పించుకుని చూడండి, విల్లు పిడి బాణం ఆనే చోట మధ్యదాకా కోసి ఉందా లేదా అన్నదాన్ని బట్టి తేడా వస్తుంది. ఈకలు పెట్టకుండా 15 గజాల నుంచి వదలండి. మీరు కుడిచేతివాటం అయితే బాణం కుడికి పోతే కర్ర మెత్తన, ఎడమకు పోతే గట్టి. మెత్తనైతే కర్రను కొంచెం పొట్టి చేసి చూడొచ్చు, కానీ బ్రాడ్‌హెడ్ (వేటకు వాడే పదునైన అంచుల ములికి) మీ వేళ్ల దగ్గరికి రానంత పొడవు మాత్రం మిగలాలి.

ములికి లోపల నూనె ఉంటుంది, స్పిరిట్‌తో తుడిచి, హాట్‌మెల్ట్ జిగురు కరిగించి తిప్పుతూ ఎక్కించండి. వేడి ములికికే పెట్టండి, కర్రకు వద్దు. సాధనకు వాడే ములికి, వేటకు వాడే బ్రాడ్‌హెడ్ ఒకే బరువు ఉండాలి, లేకపోతే ఈ శ్రమంతా వృథా. బ్రాడ్‌హెడ్ వెడల్పు మిషిగన్‌లో కనీసం 7/8 అంగుళం ఉండాలి, ఈ ఏటి నియమాలు కూడా ఒకసారి చూసుకోండి.

ఇంకా బలం కావాలంటే కర్ర ముందు భాగానికి గట్టి చెక్క అతికించిన ఫుటెడ్ బాణాలు ఉంటాయి, పని ఎక్కువ, ధరా ఎక్కువే, కానీ బరువూ బలమూ రెండూ ముందుకే వస్తాయి. నా మటుకు నేను డబ్బులుంటే అవే కొంటాను.

ప్రశ్న: ఇలా విల్లుతో వేట మన నల్లమలలో చేయొచ్చా?
- మరో పాఠకుడు, కర్నూలు

జవాబు: కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం, విల్లుతో అయినా తుపాకీతో అయినా. విలువిద్య మీద మోజుంటే చెక్క బాణాలు గడ్డి టార్గెట్ మీద వేసుకోండి, స్పైన్ లెక్కలన్నీ అక్కడా ఇవే.