మీ నాన్న దగ్గు టీబీ కాకపోతే

చిరంజీవి బాబుకి బరంపురం నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న ఫోన్లో మీ నాన్న మాటకన్నా ఆయాసమే ఎక్కువ వినపడింది. రెండుసార్లు టీబీ మందు వాడినా తగ్గలేదని, కఫం పరీక్షలో ఒక్కసారీ క్రిమి కనపడలేదని నువ్వు చెప్పగానే నా గుండె జారిపోయింది. మీ పెద్దనాన్నకీ ముందు అదే జబ్బన్నారు. ఏడాదిన్నర ఆ మాత్రలే మింగించాను. ఇరవై ఏళ్ల కిందట ఏం పని చేశావని ఏ డాక్టరూ అడగలేదు. అది చెప్పాల్సిన సంగతని మాకూ తెలీదు.

మీ నాన్నని గుజరాత్‌లో పాత ఓడలు విరగ్గొట్టే అలంగ్ రేవుకి తీసుకెళ్లింది మీ పెద్దనాన్నే. అప్పట్లో గంజాం జిల్లా కుర్రాళ్లు సూరత్ మరమగ్గాలకి కాకపోతే అలంగ్ ఓడల రేవుకి పోయేవారు. పాత ఓడల్లో బాయిలర్ల చుట్టూ, ఆవిరి గొట్టాల చుట్టూ రాతినార చుట్టి ఉండేది. ఆస్బెస్టాస్ అంటారే, అదే. దాన్ని చేత్తో పీకి బయటపడేస్తేనే లోపలి ఇనుము కోయడానికి వీలవుతుంది. ముక్కుకి తువ్వాలు ఒక్కటే అడ్డం. ఒక దసరాకి ఇంటికొస్తూ మీ పెద్దనాన్న ఆ రాతినార గుడ్డ జానెడు ముక్క తెచ్చారు. తెల్లగా, దళసరిగా ఉండేది. నిప్పులో వేసినా కాలేది కాదు. పొయ్యి పక్కన పరిచి ఏడేళ్లు దానిమీదే గంజి వార్చాను. అంచులు పోగులు లేస్తే దులిపి మళ్లీ పరిచేదాన్ని. కిటికీలోంచి ఎండ పడినప్పుడు ఆ పోగులు గాల్లో తేలుతూ మెరిసేవి. అవి కంటికి కనపడే పోగులు. ఊపిరితిత్తుల్లో దిగబడేవి కంటికి ఆనవు.

2006లో క్లెమెన్సో అనే ఫ్రాన్సు యుద్ధనౌకని ఈ రాతినార గొడవతోనే అలంగ్ చేరకుండా వెనక్కి పిలిపించుకున్నారు. అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా మనవాళ్లు విరగ్గొట్టిన ఓడల్లోనూ ఉన్నది ఆ సరుకే.

ఇక పరిహారం సంగతి. రాతినార దుమ్ముతో ఊపిరితిత్తులు గట్టిపడే ఆస్బెస్టోసిస్, రాతినార వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథెలియోమా అనే ఊపిరితిత్తి పొర క్యాన్సర్, ఇవన్నీ వృత్తి వ్యాధులే. 1923 నాటి పరిహార చట్టం పట్టికలో ఉన్నాయి. ఆ చట్టాన్ని ఇప్పుడు 2020 సామాజిక భద్రతా కోడ్‌లో కలిపేశారు. జబ్బు పేరు ఆ పట్టికలో ఉంటే పనిలో జరిగిన ప్రమాదం కిందే లెక్క. ఓడలు విరిచినవాళ్లే కాదు, సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో, గొట్టాల ఫ్యాక్టరీలో చేసినవాళ్లు, పవర్‌హౌస్‌లో బాయిలర్లకి రాతినార చుట్టే లాగింగ్ పని చేసినవాళ్లు, మన పులివెందుల వైపు రాతినార గనుల్లో దిగినవాళ్లు, అందరూ అడగొచ్చు. మేస్త్రీ కింద పని చేశాం, కంపెనీ పట్టీలో మా పేరు లేదు అని వెనక్కి తగ్గక్కర్లేదు. కాంట్రాక్టు కూలీకి అసలు యజమానే బాధ్యుడు. ఇద్దరు ముగ్గురు యజమానుల దగ్గర చేసుంటే ఎవరి వాటా ఎంతో పరిహారం విచారించే అధికారి తేలుస్తాడు. జీతంలోంచి ఈఎస్ఐ అనే కార్మికుల బీమా కోత పడి ఉంటే మాత్రం దారి వేరు, ఈఎస్ఐ ఆఫీసులోనే అడగాలి.

పని మానేసి ఇన్నేళ్లయిందిగా అని మొదటి అడ్డం వేస్తారు. ఈ జబ్బు గుణమే అది. ఇరవై, ముప్పై, నలభై ఏళ్లకి గానీ బయటపడదు. మానేశాక బయటపడ్డ జబ్బుకీ హక్కుంది, కాకపోతే ఆ పని వల్లే వచ్చిందని మనం రుజువు చూపాలి. దరఖాస్తుకి పాత చట్టం పెట్టిన గడువు రెండేళ్లు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించవచ్చు. మీకున్న కారణం టీబీ అని తప్పుగా చెప్పడమే. అందుకే ఆ మందుల చీటీ ఒక్కటీ పారెయ్యకు. బీడీలు తాగేవాడు కదా అని రెండో అడ్డం వేస్తారు. బీడీతో ఆస్బెస్టోసిస్ రాదు. రాతినార పీల్చినవాడు పొగ కూడా తాగితే ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు ఎన్నో రెట్లు పెరుగుతుంది, అంతేగానీ యజమాని బాధ్యత దానితో పోదు.

డబ్బు లెక్క ఇలా ఉంటుంది. యాభై ఏళ్ల మనిషి, లెక్కకి తీసుకునే జీతం నెలకి 15,000, పూర్తిగా పనికి రాకుండా పోయాడనుకో. అందులో అరవై శాతం 9,000. దాన్ని ఆ వయసుకి చట్టంలో రాసిన 153.09 అనే అంకెతో గుణిస్తే 13,77,810 రూపాయలు. సగం శక్తే పోయిందని తేల్చితే సగమే వస్తుంది. కాబట్టి శ్వాస పరీక్ష కాగితం, సీటీ స్కాన్ కాగితం చాలా విలువైనవి.

నాకిది తెలిసేసరికి ఆలస్యమైంది. మీ పెద్దనాన్న పోయిన పదమూడో రోజున కాంట్రాక్టరు మనిషి వచ్చి ఇరవై వేలు చేతిలో పెట్టి తెల్లకాగితం మీద సంతకం అడిగాడు, పెట్టేశాను. ఇంక అడగకూడదు కాబోలనుకుని రెండేళ్లు నోరెత్తలేదు. హక్కు వదులుకున్నట్టు రాయించుకున్న ఆ కాగితం చెల్లదని, చనిపోయినవాళ్ల పరిహారం అధికారి దగ్గరే జమకట్టాలి తప్ప ఇంటికొచ్చి చేతికిస్తే లెక్కలోకి రాదని తర్వాత తెలిసింది. మీ ఇంటికీ ఎవరైనా వస్తారు. మీ అమ్మ చేత ఒక్క గీత కూడా పెట్టించకు.

ఆ గుడ్డ మీద గంజి వార్చిన నాకు, చొక్కాలు దులిపి ఉతికిన మీ అమ్మకి ఏదన్నా వస్తే ఈ చట్టంలో చోటు లేదు. అది పనివాడి చట్టం. జపాన్‌లో 2006లో తెచ్చిన చట్టం ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకీ, ఇంట్లోవాళ్లకీ సాయం చేస్తోంది. ఇక్కడ అలాంటిది రావాలని నా కోరిక. నువ్వు మాత్రం మీ అమ్మకి కూడా ఒకసారి ఛాతీ ఎక్స్‌రే తీయించు.

దీనికోసం గుజరాత్ పోనక్కర్లేదు. మనం ఉండే జిల్లాలోనే లేబర్ ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. వకీలుకి డబ్బెక్కడిదని దిగులు పడకు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది. యార్డు గుర్తింపు కార్డు, డబ్బు పంపిన రసీదులు, ఓడ ముందు దిగిన ఫొటోలు వెతుకు. అప్పుడు కలిసి చేసిన ఇద్దరి చేత అఫిడవిట్ రాయించు.

సోమవారం పర్లాకిమిడి నుంచి పొద్దున్న బస్సుకి మీ నాన్నని తీసుకురా. ఇక్కడ మెడికల్ కాలేజీలో ఛాతీ డాక్టరుకి చూపిద్దాం. అలంగ్‌లో ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా ఏం పని చేశాడో నువ్వే దగ్గరుండి చీటీ మీద రాయించాలి. పాత ఎక్స్‌రేలన్నీ తీసుకురా, మడత పెట్టకు. అన్నం నేను వండి ఉంచుతాను.

మీ పెద్దమ్మ